దారమే బరువు: సాల్మన్ ఫ్లై గాలానికి మొదటి సరంజామా

శ్రోతలకు నమస్కారం.

ఎడింబరోలోనో అబర్డీన్‌లోనో ఉంటున్న మన తెలుగువాళ్ళు ఈ దృశ్యం ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. నడుము లోతు నీళ్ళలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. రెండు చేతులా 14 అడుగుల సన్నటి కర్ర. దాన్ని అలా పక్కకి తిప్పి ముందుకు ఆపగానే, రంగు దారం ఒకటి నీటి మీద నుంచి లేచి, చుట్ట విప్పుకుంటూ పోయి నదికి అడ్డంగా వాలుతుంది. ఆ దారం కొసన ఈకలూ వెంట్రుకలూ చుట్టి కట్టిన చిన్న కొక్కెం. దాన్నే ఫ్లై అంటారు. ఈ విద్య కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రాడ్డు (ఆ కర్ర), రీలు (దారం చుట్టే చక్రం), లైను (ఆ దారం) ఎలా ఎంచుకోవాలి? ఇవాళ్టి సంగతి అది.

సాల్మన్ మన గోదావరి పులసకి నడతలో చుట్టం. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. నదిలో అడుగుపెట్టాక మేత మానేస్తుంది. అంటే ఆకలి లేని చేప ముందు ఎర ఆడించాలన్నమాట. చిరాకుతో నోరు తెరుస్తుందని కొందరు, పాత అలవాటుతో అని కొందరు అంటారు. ఎందుకైనా గానీ, మీరు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందలసార్లు విసురుతూనే ఉండాలి. కాబట్టి సరంజామాకి మొదటి పరీక్ష చేప పెట్టదు, మీ భుజం పెడుతుంది.

కాలవ గట్టున గాలం వేసినవాళ్ళకి తెలుసు: ఎరకి పైన కట్టిన సీసం బిళ్ళ బరువుగా ముందు పోతుంది, దారం దాని వెనకాల పోతుంది. ఫ్లైకి ఆ బరువు లేదు. దాన్ని విసరడమంటే ఎండుటాకుని విసరడమే. అందుకని ఇక్కడ బరువంతా దారంలో పెట్టారు. లైను ఎగిరిపోతుంది, ఫ్లై దాని తోకలా వెళ్తుంది. ఈ ఒక్క ముక్క మనసులో ఉంటే కొనే వరస దానంతటదే తేలుతుంది. ముందు ఏ నదో తేల్చుకోవాలి. ఆ నదికి లైను, ఆ లైనుని మోసే రాడ్డు, అన్నిటికన్నా చివర రీలు. దుకాణంలో మాత్రం తల్లకిందులుగా జరుగుతుంది. తళతళలాడే రీలు ముందు చేతికొస్తుంది, మిగిలిన చిల్లరతో లైను కొంటారు.

స్కాట్లండ్ నదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇక్కడ నంబరు అంటే లైను బరువుకి గుర్తు, దాని లెక్క తర్వాత చెబుతాను. టే, ట్వీడ్ నదుల వెడల్పాటి దిగువ భాగాలకి 15 అడుగుల రాడ్డు, 10వ నంబరు లైను వాడతారు. డీ నదికీ, స్పే నదిలో చాలా చోట్లకీ 13 లేదా 14 అడుగులు చాలు. హెల్మ్స్‌డేల్ లాంటి చిన్న ఉత్తరాది నదులకి ఇంకా పొట్టిది. వాన పడితే పొంగి, రెండు రోజుల్లో తగ్గిపోయే వాగులకి ఒంటిచేత్తో వాడే 10 అడుగుల రాడ్డు, 7 లేదా 8వ నంబరు. ఏ నదికి వెళ్తారో ఇంకా తేలకపోతే 14 అడుగులు, 9వ నంబరు, రెండు చేతుల రాడ్డు తీసుకోండి. నాలుగు ముక్కలుగా విడేది అయితే కారులోనూ పడుతుంది, విమానంలోనూ పోతుంది.

ఇంత పొడుగెందుకంటే, ఆ గట్ల మీద చెట్లుంటాయి. లైనుని వెనక్కి చాచి విసిరితే కొమ్మలకి చుట్టుకుంటుంది. అందుకే లైనుని వెనక్కి పూర్తిగా పోనివ్వకుండా, కొస నీటికి అంటి ఉండగానే మడతలా తిప్పి ముందుకు తోసే పద్ధతి స్పే నది ఒడ్డున పుట్టింది. ఇప్పటికీ దాని పేరు స్పే కాస్టింగే. పొడుగు రాడ్డుకి ఇంకో లాభముంది. వాలాక లైనుని ప్రవాహం లాక్కుపోతుంటే, రాడ్డు ఎత్తి దాన్ని ఎగువకి సర్దవచ్చు. ఫ్లై నెమ్మదిగా ఈదుతుంది.

ఇక లైను. కొత్తవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. లైను బరువుకి నంబర్లు ఉంటాయి. లైను తూచడానికి వాడే కొలత గ్రెయిను. గ్రెయిను అంటే గింజే. మన కంసాలి గురివింద గింజ పెట్టి తూచినట్టు వాళ్ళు బార్లీ గింజ పెట్టి తూచారు. 15 గ్రెయిన్ల పైచిలుకు అయితే ఒక గ్రాము. ఒంటిచేతి రాడ్డుకి 9వ నంబరు లైనంటే, మొదటి 30 అడుగుల బరువు 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. రెండు చేతుల రాడ్డు మీద కూడా అదే 9 అంకె ఉంటుంది. కానీ అది అడిగేది 33 నుంచి 37 గ్రాముల బరువున్న హెడ్డు, అంటే లైను ముందరి లావాటి భాగం. అంకె ఒకటే, బరువు రెట్టింపు పైమాట. అంకె చూసి ఒంటిచేతి లైను తెచ్చుకున్నవాళ్ళకి ఆ పొడుగు రాడ్డు అసలు వంగదు. వంగని రాడ్డుకి బలం జోడించబోతారు, లైను ముందుకు పోకుండా కాళ్ళ దగ్గరే కుప్పపడుతుంది. మరీ బరువైన లైను పెడితే రాడ్డు మొదలంటా వంగిపోయి, చుట్ట వెడల్పుగా తెరుచుకుని, ఎదురుగాలికి అక్కడే చచ్చిపోతుంది. కాబట్టి నంబరు కాదు, గ్రాములు అడగండి. రాడ్డు మీదో, తయారీదారు పట్టికలోనో ఇన్ని గ్రాముల నుంచి ఇన్ని గ్రాముల దాకా అని ఉంటుంది. నడిమి అంకె తీసుకుంటే చాలు.

లైన్లలో రకాలు బోలెడు. మొదటిసారికి స్కాండి హెడ్డు మంచిది. 14 అడుగుల రాడ్డుకి హెడ్డు పొడుగు 38 నుంచి 40 అడుగులు. బరువంతా ఇందులోనే. దాని వెనక సన్నటి రన్నింగ్ లైను, సుమారు 30 మీటర్లు. హెడ్డు ఎగిరిపోతూ ఈ సన్నటి దాన్ని లాక్కుపోతుంది. స్కాగిట్ అని ఇంకా పొట్టి, ఇంకా లావు హెడ్డు ఒకటుంది. బరువైన ఫ్లైలనీ, మునిగే కొసలనీ తేలిగ్గా విసిరిపెడుతుంది. నేర్చుకోవడమూ తేలికే. కానీ వేసవిలో నీరు తగ్గి తేటపడ్డప్పుడు అది వాలితే ఇటుకరాయి పడ్డట్టుంటుంది. అందుకే మొదటి లైనుగా దాన్ని చెప్పడం లేదు. 55, 65 అడుగుల పొడుగు హెడ్లు చూడ్డానికి ఎంతో సొగసు. వాటి జోలికి రెండో ఏడు వెళ్ళవచ్చు.

హెడ్డుకీ రన్నింగ్ లైనుకీ మధ్య ముడి, లేదా రంగు మారే చోటు ఉంటుంది. విసిరే ముందు ఆ చోటు రాడ్డు కొస రింగుని దాటి రెండు మూడు అడుగులు బయట ఉండాలి. అది లోపలే ఉండిపోతే లావాటి హెడ్డు రింగుల్లో రాసుకుని ఆగిపోతుంది. ఆరేడు అడుగులు బయట ఉంటే సన్నటి దారం లావాటి హెడ్డుని నిలబెట్టలేదు, చుట్ట కూలిపోతుంది. నిన్న బాగా పోయిన విసురు ఇవాళ పోకపోతే ముందు అక్కడ చూడండి. సగం సార్లు తప్పు చేతిలో కాదు, ఆ రెండడుగుల్లో ఉంటుంది.

తేలే హెడ్డు ఒక్కటే కొని, దాని కొసకి తగిలించుకునే పాలీలీడర్లు మూడు కొనండి. 10 అడుగులవి: తేలేది ఒకటి, నెమ్మదిగా మునిగేది ఒకటి, వేగంగా మునిగేది ఒకటి. లూపులో లూపు దూర్చితే నిమిషంలో మార్చుకోవచ్చు. ఫిబ్రవరిలో నీరు చల్లగా ఉండి చేప లోతున పడుకున్నప్పుడు మునిగేది, మే నెల దాటాక తేలేది. పాలీలీడరు కొసకి నైలాన్ దారం, వేసవిలో 12 పౌండ్ల లాగుడుకి ఆగేది, వసంతంలో 15 పౌండ్లు పైబడింది. తేలే కొసకి ఈ నైలాన్ ఐదారు అడుగులు ఉండవచ్చు. మునిగే కొసకి మూడు నాలుగు అడుగులు మించకూడదు, మించితే కొస మునిగినా ఫ్లై పైకి తేలుతూ ఉంటుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడి చేయండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ నలిగిపోతుంది. అది తెగేది చేప పడ్డప్పుడే.

రాడ్డుని దుకాణంలో గాల్లో ఊపి చూసి మెచ్చుకోవడం, చెప్పులు చేత్తో పట్టుకుని సౌఖ్యం చూడటం లాంటిది. లైను తగిలించి, నీటి మీద విసిరి చూడాలి. మంచి దుకాణాలు ఒప్పుకుంటాయి. కొస ఒక్కటే వంగే గట్టి రాడ్లు నేర్పరులకి. వాటిలో తోపు ఒక్క క్షణం ముందైనా వెనకైనా లైను పోదు. నడిమి దాకా వంగేదైతే బరువు చేతికి తెలుస్తుంది, తప్పుని కాస్త క్షమిస్తుంది. వాడినది కొంటుంటే రింగుల్లో దూది ముక్క తిప్పి చూడండి. పోగు తగులుకుంటే లోపల పగులున్నట్టే. ఆ పగులు కొత్త లైనుని వారంలో గీకేస్తుంది. ముక్కలు అతికే చోట వెంట్రుకంత గీత కనబడినా ఆ రాడ్డు వద్దు.

ముక్కలు కలిపేటప్పుడు రింగులని పావు వంతు పక్కకి ఉంచి, తోస్తూ వరసలోకి తిప్పి బిగించండి. తర్వాత ప్రతి అతుకు మీదా కరెంటు పనివాళ్ళు వాడే టేపు రెండు చుట్లు చుట్టండి. ఇది చాదస్తం కాదు. స్పే కాస్టింగ్‌లో రాడ్డు మెలికపడుతూ ఉంటుంది. గంటలో అతుకు వదులవుతుంది. వదులైన అతుకు దగ్గరే రాడ్డు విరుగుతుంది, లేదా పై ముక్క లైనుతో పాటు నదిలోకి ఎగిరిపోతుంది.

రీలు గురించి తక్కువ చెప్పుకున్నా ఫరవాలేదు. విసరడంలో దానికి పాత్ర లేదు. అది దారం దాచే గిన్నె, చేప పరుగు తీస్తే బ్రేకు. ఈ రాడ్డుకి నాలుగు అంగుళాల వ్యాసం, 250 నుంచి 300 గ్రాముల బరువు సరిపోతుంది. రాడ్డుకి బిగించి, పై చెయ్యి పట్టే చోట ఒక వేలి మీద నిలబెట్టి చూడండి. కొస వైపు వాలిపోతుంటే సాయంత్రానికి మణికట్టు చెబుతుంది. అలాంటప్పుడు తేలిక రీలుకి ఎక్కువ డబ్బు పెట్టడం తెలివి తక్కువ, కాస్త బరువైనదే మేలు. హెడ్డూ రన్నింగ్ లైనూ కాక, వాటి వెనక 30 పౌండ్ల బ్యాకింగ్ (చేప దూరం పరుగెత్తితే పనికొచ్చే అదనపు దారం) 150 మీటర్లు పట్టాలి. అంచుకి వేలు మందం ఖాళీ ఉంచండి. చేపతో పోరాడుతూ హడావిడిగా చుట్టిన దారం ఒక పక్కకి గుట్టపడుతుంది. నిండా చుట్టిన రీలయితే ఆ గుట్ట చట్రానికి తగిలి బిగుసుకుంటుంది. తిరగని రీలూ, పరుగెత్తే సాల్మనూ, మధ్యలో 12 పౌండ్ల నైలాన్. ఏది ముందు తెగుతుందో వేరే చెప్పాలా.

బ్రేకు గట్టిగా బిగించకండి. చేత్తో లాగితే దారం రావాలి, లాగడం ఆపగానే రీలు తిరగడం ఆగాలి. అంతే. ఫ్లైని చేప అందుకోగానే రాడ్డు పైకి గుంజాలని చెయ్యి దురద పెడుతుంది. గుంజితే కొక్కెం నోట్లోంచి ఊడి వస్తుంది. చేప వెనక్కి తిరిగి, రీలు మీద నుంచి దారం లాక్కుపోతుంటే, అప్పుడు మెల్లగా రాడ్డు ఎత్తాలి. కొక్కెం దవడ మూలన దిగబడుతుంది.

డబ్బు మిగిలితే ఖరీదైన రీలుకి కాక, ఒక రోజు కాస్టింగ్ పాఠానికి పెట్టండి. గాలి ఎటు వీస్తే ఏ విసురు వేయాలో గురువు చూపిస్తేనే వస్తుంది. దిగువ నుంచి ఎగువకి గాలి వీస్తుంటే లైను మడత మీకు ఎగువ పక్కన ఉండాలి, ఎగువ నుంచి వీస్తుంటే దిగువ పక్కన. తప్పు పక్కన వేస్తే ఫ్లై మీ చెవిలోనే దిగుతుంది. కళ్ళద్దాలు, టోపీ లేకుండా నీటిలో దిగకండి. మొదటి రోజుల్లో ఫ్లై బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టుకోండి. ఈ విసురు గడ్డి మీద కుదరదు, కొసని నీరు పట్టి ఉంచాలి. మరో మాట, ఈ రాడ్లు కార్బన్‌వి, కరెంటుని బాగా మోస్తాయి. గట్టు మీద కరెంటు తీగలుంటే రాడ్డు దించి నడవండి, ఉరిమితే నీటిలోంచి బయటికి వచ్చేయండి.

స్కాట్లండ్‌లో గాలానికి ప్రభుత్వ లైసెన్సు లేదు గానీ, ఆ నది ముక్క మీద హక్కున్నవారి అనుమతి చీటీ తప్పనిసరి. చాలా చోట్ల పట్టిన చేపని తిరిగి వదలాలన్న నియమం ఉంది, అనుమతి చీటీతో పాటే అడిగి తెలుసుకోండి. గాలంతో పట్టిన సాల్మన్‌ని అమ్మడం నేరం. ఆదివారం సాల్మన్ జోలికి వెళ్ళడాన్ని అక్కడి చట్టం ఒప్పుకోదు.

ఆ ఆదివారం లైను కడగడానికి పనికొస్తుంది. గోరువెచ్చటి నీళ్ళ బేసిన్‌లో నాలుగు చుక్కలు సబ్బు వేసి, హెడ్డుని చుట్టలుగా దింపి, పదినిమిషాలు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో పట్టి లాగండి. గుడ్డ మీద నల్లటి గీత పడుతుంది. తేలాల్సిన లైను మునిగిపోతోందని విసుక్కునేది ఆ మురికి వల్లే. అక్కడ మిడ్జ్ అనే చిన్న దోమలు మొహం మీద ముసురుతాయి. వాటికి రాసుకునే మందు చేతికి అంటి ఉండగా లైను ముట్టుకుంటే దాని పూత మెత్తబడి జిగటవుతుంది. మందు మొహానికి రాసుకున్నాక చేతులు కడుక్కుని, అప్పుడు లైను ముట్టుకోండి.