పెస్కారా: ఒక్క ఏడాది గ్రాండ్ ప్రీ

శ్రోతలందరికీ నమస్కారం.

మన ప్రకాశం బ్యారేజీకి ప్రారంభోత్సవం జరిగింది 1957 డిసెంబరులో. దానికి నాలుగు నెలల ముందు, ఆగస్టు 18న, ఇటలీలో సముద్రం ఒడ్డునున్న పెస్కారా అనే పట్టణంలో ఒక కార్ల రేసు జరిగింది. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కలోకి వచ్చిన రేసు. అలాంటి రేసునే గ్రాండ్ ప్రీ అంటారు. అక్కడ అలాంటిది అంతకుముందు జరగలేదు, మళ్లీ జరగలేదు. దాని సంగతే ఇవాళ చెప్పబోతున్నాను.

ముందు ఆ దారి ఎలాంటిదో తెలియాలి. ఇప్పుడు టీవీలో మనం చూసే ఫార్ములా వన్ రేసుల్లో ఒక చుట్టు సాధారణంగా నాలుగైదు కిలోమీటర్లు. అన్నిటికన్నా పొడుగైన బెల్జియంలోని స్పా ట్రాకు కూడా 7 కిలోమీటర్లే. పెస్కారాలో ఒక్క చుట్టు 25.8 కిలోమీటర్లు. బెజవాడలో బయల్దేరి, బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా మంగళగిరి వెళ్లి, అక్కడ హైవే ఎక్కి, వారధి మీదుగా తిరిగి ఊళ్లోకి వస్తే ఇంచుమించు అంత అవుతుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలో ఇంత పొడుగు ట్రాకు ఇంకొకటి లేదు. భయంకరమైనదని పేరుపడ్డ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ సైతం 22.8 దగ్గరే ఆగిపోయింది.

అసలు దాన్ని ట్రాకు అనడమే ఎక్కువ. అది జనం రోజూ తిరిగే రోడ్డు. రేసు రోజున మిగతా బళ్లు ఆపేస్తారు, అంతే. పెస్కారాలో మొదలైన రోడ్డు సముద్రానికి వీపు పెట్టి లోపలికి తిరుగుతుంది, కొండెక్కుతుంది, స్పొల్తోరే, కాపెల్లె అనే ఊళ్ల వైపుగా మెలికలు తిరుగుతుంది, మళ్లీ దిగి మోంతెసిల్వానో దగ్గర తీరం చేరుతుంది. అక్కణ్ణుంచి సముద్రం వెంబడి తిన్నగా పెస్కారాకి. ఇళ్ల గుమ్మాలు, చెట్లు, స్తంభాలు, కిలోమీటరు రాళ్లు అన్నీ రోడ్డు పక్కనే. డ్రైవరుకి సీటు బెల్టు లేదు. ఒంటి మీద పొట్టి చేతుల చొక్కా, తలకి తేలికపాటి హెల్మెట్. తిన్నటి రోడ్డు దొరికితే బండి గంటకు 250 కిలోమీటర్లు దాటేది.

ఈ రోడ్ల మీద రేసులు 1924 నుంచే ఉన్నాయి. అప్పుడు దాని పేరు కోప్పా అచెర్బో. ముస్సోలినీ ప్రభుత్వంలో మంత్రిగా చేసిన జియాకోమో అచెర్బో, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తన సోదరుడు టీటో పేరు మీద ఆ కప్పు పెట్టించాడు. యుద్ధాలయ్యాక, ఫాసిస్టుల కాలం పోయాక, ఆ పేరూ పోయింది. ఆల్ఫా రోమియో కారు నడిపి మొట్టమొదటి రేసు గెలిచినవాడు ఎంజో ఫెరారీ. అవును, ఆ ఫెరారీయే. అప్పటికింకా ఆయన పేరుతో కార్లు లేవు. ఆయన పేరు మళ్లీ వస్తుంది, కాస్త గుర్తుపెట్టుకోండి.

మరి ఇంత పాత రేసు 1957లోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి ఎలా వచ్చింది? గొప్పదని కాదు. ఆ ఏడాది నెదర్లాండ్స్, బెల్జియం రేసులు రద్దయ్యాయి. రేసుకు వచ్చినందుకు జట్లకు ఎంతివ్వాలన్న దగ్గర నిర్వాహకులకూ జట్లకూ పేచీ వచ్చి, బేరం తెగలేదు. పట్టికలో ఖాళీ పడింది, పెస్కారాకి పీట వేశారు. రేసు ఉంటుందా ఊడుతుందా అన్నది స్టీరింగు పట్టినవాడి చేతిలో ఉండదు. ఎక్కడో గదిలో కూర్చుని లెక్కలు చూసేవాళ్ల చేతిలో ఉంటుంది. అంతదూరం ఎందుకు? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ‘ఫార్ములా-ఇ’ అనే రేసు జరిగింది, కరెంటుతో నడిచే కార్లు పరిగెత్తాయి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మన బెజవాడ, గుంటూరు కుర్రాళ్లు కూడా బస్సులెక్కి వెళ్లి చూసొచ్చారు. రెండో ఏడాది తేదీ ప్రకటించారు, 2024 జనవరిలో రద్దన్నారు. అక్కడా ట్రాకు తప్పేమీ లేదు.

సరే, ఫెరారీ దగ్గరికొద్దాం. 1957 మే 12న ఇటలీలో మిల్లె మిలియా అనే రోడ్డు రేసు జరిగింది. ఊళ్ల మీదుగా సుమారు 1,600 కిలోమీటర్లు సాగే రేసు అది. గుయిదిజోలో అనే ఊరి దగ్గర ఒక ఫెరారీ కారు టైరు పేలి జనం మీదికి దూసుకుపోయింది. డ్రైవరు దె పొర్తాగో, పక్కనున్న నెల్సన్, చూడ్డానికొచ్చినవాళ్లు తొమ్మిది మంది చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. ప్రభుత్వం ఆ రకం రోడ్డు రేసులకు అడ్డుకట్ట వేసింది. ఫెరారీ మీద కేసు కూడా నడిచింది, కొన్నేళ్లకు కొట్టేశారు. ప్రభుత్వం మీద అలిగిన ఫెరారీ పెస్కారాకి తన జట్టును పంపలేదు. తను కుర్రతనంలో గెలిచిన రోడ్డుకే రానన్నాడు. వ్యాపారంగా ఆలోచిస్తే ఆయన కోపం అర్థమవుతుంది. ఐదుగురు పిల్లలు పోయిన మూడు నెలలకే అలగడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆఖరికి రోమ్ కుర్రాడు లుయీజీ ముస్సో అడిగి మరీ ఒక్క కారు తెచ్చుకున్నాడు.

ఫెరారీకి ఎదురు నిలిచినవాడి కథ మన ఆటోనగర్ మెకానిక్కులకు నచ్చుతుంది. ఆయన పేరు టోనీ వాండర్‌వెల్, ఇంగ్లీషువాడు. ఆయన ఫ్యాక్టరీలో చేసేది బేరింగులు. ఇంజను విప్పి, లోపల తిరిగే ఇరుసు క్రాంక్ బయటికి తీస్తే, సన్నటి రేకును సగం గుండ్రంగా వంచినట్టు జంటలుగా కనిపిస్తాయే, ఆ షెల్ బేరింగులు. ఇంజను ఎంత వేగంగా తిరిగినా క్రాంక్ అరిగిపోకుండా కాచేవి అవే. వాటిని ఆయన ఫెరారీకీ అమ్మేవాడు. ఫెరారీ కార్లు కొని, తన బేరింగుల పేరు పెట్టి రేసులకు పంపేవాడు. ఆ కార్ల విషయంలో విసిగి, ఇక నేనే చేసుకుంటానని వాన్‌వాల్ అనే ఆకుపచ్చ కారు తయారుచేయించాడు. 1957 జూలైలో ఇంగ్లండ్‌లోని ఎయిన్‌ట్రీలో ఆ కారు గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రీలో బ్రిటిష్ కారు గెలవడం అదే మొదలు.

ఇక రేసు. ఆగస్టు ఎండకు జడిసి పొద్దున్నే మొదలుపెట్టారు. బరిలో 16 కార్లు. అందరికన్నా ముందు వరసలో అర్జెంటీనా డ్రైవర్ ఫాంజియో, మసెరాటీ కారులో. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. రెండు వారాల క్రితమే నూర్‌బర్గ్‌రింగ్‌లో గెలిచి ఐదోసారి ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడు. అంటే పెస్కారాలో టైటిల్ కోసం పోటీ లేదు. పరువు కోసమే పోటీ.

మొదటి చుట్టులో ముస్సో ముందున్నాడు. సొంత దేశంలో, ఒంటరి ఎర్ర ఫెరారీ ముందు పోతుంటే రోడ్డు పక్కన జనం ఎంత గోల చేసుంటారో! రెండో చుట్టులో వాన్‌వాల్ డ్రైవర్ స్టర్లింగ్ మాస్ ముస్సోని దాటేశాడు. ఆ తర్వాత ఆయన్ని పట్టుకున్నవాడు లేడు. సగం రేసు అయ్యేసరికి ముస్సో బండి ఆయిలు కక్కి ఆగిపోయింది. ఆ ఆయిలు మీద జారి ఫాంజియో కారు గిర్రున తిరిగింది, చక్రం దెబ్బతింది. కుంటుకుంటూ వచ్చి బాగుచేయించుకునేసరికి మాస్ అందనంత దూరం వెళ్లిపోయాడు. ఎంత దూరమంటే, మధ్యలో తన పిట్‌లో, అంటే జట్టు మెకానిక్కులు కాచుకునుండే చోట, ఆగి, ఇంజనులో ఆయిలు పోయించుకుని, తను కాస్త గొంతు తడుపుకుని వెళ్లినా ఆధిక్యం పోలేదు. మొత్తం 18 చుట్లు, 460 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కణ్ణుంచి చెన్నై వెళ్లినంత దూరాన్ని, ఆ సందుగొందుల రోడ్ల మీద మాస్ మూడు గంటల్లోపే పూర్తిచేశాడు. ఫాంజియో 3 నిమిషాలకు పైగా వెనకబడి రెండో స్థానంలో వచ్చాడు. హ్యారీ షెల్ మూడు. వాన్‌వాల్ జట్టులోని ఇంకో కుర్రాడు, స్టూవర్ట్ లూయిస్ ఎవాన్స్, టైర్లు ఇబ్బంది పెట్టినా ఐదో స్థానం దక్కించుకున్నాడు.

మరుసటి ఏడాది పట్టికలో పెస్కారా లేదు. 1961లో స్పోర్ట్స్ కార్ల రేసు ఒకటి జరిగింది, అక్కడితో ఆ రోడ్ల మీద రేసులు ముగిశాయి.

మాస్‌కీ వాన్‌వాల్‌కీ మాత్రం ఇలాంటి ఒక్కసారి రేసు ఇంకొకటి రాసిపెట్టి ఉంది. 1958 అక్టోబరు 19న మొరాకోలోని కాసాబ్లాంకాలో. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదీ మళ్లీ జరగలేదు. అక్కడా మాస్ గెలిచాడు, కానీ టైటిల్ ఒక్క పాయింటు తేడాతో ఫెరారీ డ్రైవర్ మైక్ హాథార్న్‌కి పోయింది. కార్ల తయారీదారుల టైటిల్, ఆ ఏడాదే కొత్తగా పెట్టింది, వాన్‌వాల్‌కి దక్కింది. ఆ రేసులోనే లూయిస్ ఎవాన్స్ కారు అదుపు తప్పి అంటుకుంది. ఆరు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. వాండర్‌వెల్ కుంగిపోయాడు. అప్పటికే ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం. 1959 జనవరిలో జట్టును రేసుల నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించి, తన బేరింగుల పనిలో పడ్డాడు.

సెలవు.