సరుకుల చిట్టా: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ నెల సరుకుల ఖర్చు గురించి మాట్లాడుకుందాం. కాలేజీలో ముప్పై ఏళ్లు హోమ్ సైన్స్ చెప్పి రిటైరైన మేడమ్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ కూకట్‌పల్లి నుంచి. హలో, చెప్పండమ్మా.

కూకట్‌పల్లి: హలో... వినపడుతోందా అండీ?

వ్యాఖ్యాత: మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండమ్మా. ఆ, ఇప్పుడు చెప్పండి.

కూకట్‌పల్లి: నమస్తే మేడమ్. మేం నలుగురం. బాబు తొమ్మిదో తరగతి. బాడ్మింటన్ కోచింగ్‌కి పంపమని ప్రాణం తీస్తున్నాడు. నెలకి 2,500. సరుకుల్లో తగ్గించగలిగితే పంపుదాం అన్నారు మావారు. తిండికే 17,000 అవుతోంది. ఎక్కడ తగ్గించాలో తెలియక ఒకటే టెన్షన్.

మేడమ్: 17,000 అన్నది రాసుకున్న లెక్కా, ఉజ్జాయింపా?

కూకట్‌పల్లి: బ్యాంకులోంచి పోయింది చూసి మావారు చెప్పారు.

మేడమ్: సరే, విడదీద్దాం. సూపర్ మార్కెట్‌కి ఎంత?

కూకట్‌పల్లి: 6,800. పాలు రోజుకి లీటరున్నర, 2,700. కూరగాయలు, పళ్లు కలిపి 2,500. చికెన్, గుడ్లు ఓ 2,000.

మేడమ్: 14,000 అయింది. ఇంకో మూడు వేలేవి?

కూకట్‌పల్లి: అదే అర్థం కావట్లేదు మేడమ్.

మేడమ్: పది నిమిషాల్లో సామాన్లు తెచ్చిచ్చే యాప్ ఉందా మీ ఇంట్లో?

కూకట్‌పల్లి: ఉంది కానీ, అందులో చిన్నచిన్నవేనండీ. కొత్తిమీర, పెరుగు...

మేడమ్: పోయిన నెల ఎన్నిసార్లు తెప్పించారో చూసి చెప్పండి. మేం ఆగుతాం.

కూకట్‌పల్లి: పాప ఫోన్‌లో ఉంది, ఒక్క నిమిషం. (పక్కన మాటలు) మేడమ్... ఇరవై మూడు సార్లు.

మేడమ్: సారికి 130 వేసుకున్నా 2,990. మీ మూడు వేలు దొరికాయి. పది రూపాయల కొత్తిమీరకి హ్యాండ్లింగ్ చార్జీ ఒకటి, చిన్న ఆర్డర్ అని ఇంకోటి. ఆ చార్జీ పడకుండా ఉండాలని ఓ చిప్స్ ప్యాకెట్. అంతేనా?

కూకట్‌పల్లి: (నవ్వు) చాక్లెట్లు కూడా.

మేడమ్: యాప్ తీసెయ్యమని నేను చెప్పను. జ్వరమొచ్చిన రోజు అదే దిక్కు. ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించండి. ఏదైనా అయిపోగానే దాని మీద రాయండి. వారానికి ఒక్కసారి వెళ్లి తెచ్చుకోండి. మీకు రైతు బజార్ ఉంది కదా. 1999 నుంచి నడుస్తున్నాయవి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది కాబట్టి నాలాంటి బేరం చేతకానివాళ్లకి హాయి. ఇంకోటి, నూనె నెలకి ఎంత?

కూకట్‌పల్లి: ఆరు లీటర్లు. పండగొస్తే ఏడు.

మేడమ్: తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి మనిషికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చాలన్నారు. నలుగురికి నెలకి మూడుంపావు కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. ఒక్కసారిగా అంత దిగలేరు. ఈ నెల ఐదు లీటర్లే కొనండి, అయిపోతే మళ్లీ తేకండి. ప్యాకెట్ మీద బరువు కూడా చూడండి. లీటరంటే 910 గ్రాములు. చూడ్డానికి అంతే ఉండి 850, 800 గ్రాములుండే ప్యాకెట్లు వస్తున్నాయి. పైన ధర తక్కువగానే కనిపిస్తుంది మరి.

కూకట్‌పల్లి: అయ్యో, అది నేనెప్పుడూ చూళ్లేదు!

మేడమ్: ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఎంతో, కిలోకి ఎంతో కూడా వేస్తారు. రెండు ప్యాకెట్లు పోల్చాలంటే అదే చూడాలి. ఇంకో మాట, జీతం పడ్డ రోజే బాబు ఫీజు కట్టేయండి. నెలాఖరుకి మిగిలితే కడదామంటే మిగలదు.

వ్యాఖ్యాత: తర్వాత హనుమకొండ నుంచి.

హనుమకొండ: మేడమ్, మేం ఇద్దరమే. కొత్త కాపురం. బియ్యం ఐదు కిలోల ప్యాకెట్ 370కి తెస్తున్నాం. బస్తా అయితే 1,560 అంటున్నాడు షాపాయన. అది 26 కిలోలెందుకుంటుందండీ? 25 ఉండాలి కదా?

మేడమ్: (నవ్వు) 2022 జూలై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే ఐదు శాతం జీఎస్టీ పడుతోంది. దాటితే లేదు. అందుకని ఒక కిలో ఎక్కువ పోసి కుట్టేస్తున్నారు. మీ లెక్క ప్రకారం ప్యాకెట్‌లో కిలో 74, బస్తాలో 60. నెలకి ఎన్ని కిలోలు వండుతారు?

హనుమకొండ: పన్నెండు దాకా.

మేడమ్: నెలకి 168 మిగులుతుంది. బస్తా రెండు నెలలకి పైనే వస్తుంది. తడిలేని డబ్బాలో పోసి, ఎండిన వేపాకు వేసి ఉంచండి. పాత బియ్యమేనా అని అడిగి తీసుకోండి. కొత్త బియ్యం ముద్దవుతుంది, అన్నం ఒదగదు.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఫోన్. నమస్తే అండీ.

తెనాలి: నమస్తే. మా ఇంట్లో సరుకులు నేనే తెస్తానండీ. మా ఆవిడకి కుట్టుమిషన్ కొనాలని చూస్తున్నా. హోల్‌సేల్‌లో చవగ్గా ఉందని కందిపప్పు పది కిలోలు, మినప్పప్పు ఎనిమిది కిలోలు పట్టుకొచ్చా. సగం పురుగు పట్టింది. ఇంట్లో నాకు రోజూ పూజే.

మేడమ్: పూజ న్యాయమైందే. మన పెద్దవాళ్లు ఏడాదికి సరిపడా కొనేవారు నిజమే. కానీ వాళ్లు కందులు కొని, ఎండబెట్టి, ఆముదం పట్టించి, కావలసినప్పుడు విసురుకునేవారు. ఇప్పుడు ఆ డాబా లేదు, ఆ తీరికా లేదు. పప్పులు నెలకి సరిపడానే తెచ్చుకోండి. ఏడాదికి కొనాల్సింది ఎండుమిర్చి, చింతపండు. మీకు గుంటూరు పక్కనే. మార్చిలో కొత్త పంట వచ్చినప్పుడు తొడిమలు తీసి ఎండబెట్టి కారం ఆడించుకోండి. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తండి.

తెనాలి: మరి ఈ పురుగు పట్టిన పప్పు?

మేడమ్: జల్లించి, ఎండలో పోసి చూడండి. బూజు వాసనొస్తే మాత్రం మొహమాటపడకుండా పారేయండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ కాకినాడ నుంచి.

కాకినాడ: అమ్మా, నాకు డెబ్బై రెండేళ్లు. ఈ పొదుపులన్నీ విని మా ఇంట్లో కూడా మొదలెట్టారమ్మా. మనవడి హాస్టల్ ఫీజని. గుడ్డు మానేశారు, పాలు సగం చేశారు. మజ్జిగ నీళ్లలా ఉంటోంది. కోడలు చెడ్డది కాదమ్మా. అడగడానికే నాకు మొహమాటం.

మేడమ్: పెద్దమ్మ గారూ, మీ కోడలు ఇంట్లోనే ఉన్నారా? ఒకసారి ఫోన్ ఇస్తారా?

కోడలు: (కాసేపాగి) నమస్తే మేడమ్. అత్తయ్య ఇలా ఫోన్ చేస్తారని తెలియదు నాకు. ఆవిడకి కావాలని తగ్గించలేదండీ. నేనూ పాలు మానేశాను.

మేడమ్: అదేనమ్మా నా కోపం. ఏ ఇంట్లో చూసినా పొదుపు అనగానే అందరికంటే ఆఖరున తినే మనిషి పళ్లెంలోంచే మొదలవుతుంది. పాలు, గుడ్లు, పప్పు ముట్టుకోవద్దు. సబ్బులు, షాంపూలు, బట్టలకీ గిన్నెలకీ నేలకీ వాడేవి, అవన్నీ కలిపి నెలకి ఎంత?

కోడలు: ...1,800 అవుతుందండీ.

మేడమ్: గుడ్లూ పాలూ మానేసి ఎంత మిగిల్చారు?

కోడలు: ఓ పదకొండు వందలు.

మేడమ్: నేల తుడిచేదొకటి, బాత్రూమ్‌కొకటి, వంటింటి గట్టుకొకటి, అద్దాలకొకటి అక్కర్లేదు. రెండు చాలు. బట్టల పౌడర్ మూతనిండా పోస్తారు, సగం వేసి చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద జీఎస్టీ 18 నుంచి ఐదు శాతానికి తగ్గింది. బట్టల పౌడర్‌కి తగ్గలేదు. 1,800ని 1,000 చేయొచ్చు. మిగతా మూడు వందలు నూనెలో చూసుకోండి.

కోడలు: సరేనండీ. మరి ఈ నెల ఫీజు...

మేడమ్: ఈ నెలకి కొంచెం తక్కువ పడుతుంది, మీ ఆయన చేతి ఖర్చులో అడగండి. ఆయన టీ తాగేది ఇంట్లోనా, బయటా?

కోడలు: (నవ్వు) బయటేనండీ. రోజుకి నాలుగు.

వ్యాఖ్యాత: మేడమ్, టైమ్ అయిపోయింది.

మేడమ్: ఒక్క మాట. పెద్దమ్మ గారూ, వింటున్నారా?

కాకినాడ: వింటున్నానమ్మా. గుడ్లు తెమ్మని పిల్లాణ్ని పంపిస్తోంది.

మేడమ్: డజను తెమ్మనండి. కోడలికి కూడా.