నెలసరి లెక్క తెలియాలి, కానీ దాన్ని నమ్ముకుని ధైర్యం చేయొద్దు
(గుంటూరులో ఇంటర్, డిగ్రీ విద్యార్థినులకూ వాళ్ల తల్లులకూ ఒక గైనకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో అమ్మాయిలు, వెనక వాళ్ల అమ్మలు కూర్చున్నారు. ఇద్దరూ ఒకేచోట వినాలని నేనే అడిగాను. గర్భం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో అమ్మ చెప్పదు, కూతురు అడగదు. మధ్యలో ఫోనూ, హాస్టల్ రూమ్మేటూ చెప్పేస్తారు.

వాళ్లు చెప్పేదేమిటంటే, డేట్‌కి, అంటే నెలసరికి, ముందు వారం, తర్వాత వారం కలిసినా గర్భం రాదు, సేఫ్ అని. మధ్య రోజుల్లో జాగ్రత్తపడితే మాత్రలూ అక్కర్లేదు, ఇంకేదీ అక్కర్లేదని. పెళ్లయిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు కూడా ఇదే నమ్మి, నెల తప్పాక కంగారుగా మా దగ్గరికి వస్తున్నారు.

ఇందులో నిజం కొంత ఉంది. అండం విడుదలయ్యాక 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో 5 రోజుల దాకా బతికి ఉండగలవు. అంటే ఒక్కో నెలసరి చక్రంలో గర్భం వచ్చే వీలున్న రోజులు దాదాపు 6. అవి ఏ ఆరు రోజులో ముందే తెలియకపోవడమే చిక్కు.

పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందని అందరూ చెబుతారు. అది సరిగ్గా 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్ల సంగతి. అసలు లెక్క వెనకనుంచి: వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 35 రోజులకు వచ్చే అమ్మాయికి 21వ రోజు దగ్గర, 24 రోజులకు వచ్చే అమ్మాయికి పదో రోజు దగ్గర. గుంటూరు నుంచి బెజవాడ వెళ్లే రైలు కృష్ణా కెనాల్ దగ్గర ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, కదిలాక బ్రిడ్జి దాటే టైము మాత్రం ఇంచుమించు ఒకటే. మన ఒంట్లోనూ అంతే. అండం విడుదలయ్యే దాకా ఎన్నాళ్లయినా పట్టొచ్చు, ఆ తర్వాతి రోజులే కాస్త స్థిరం. వచ్చే డేట్ ఎప్పుడో ముందే తెలిస్తేనే కదా వెనక్కి లెక్కపెట్టేది!

మీ వయసులో అదే తెలియదు. పెద్దమనిషైన మొదటి కొన్నేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. కొన్ని నెలల్లో అసలు అండమే విడుదల కాదు. దానికి తోడు తెల్లవారుజామున స్టడీ అవర్, టిఫిన్ మానేయడం, పరీక్షల ఒత్తిడి, కొందరికి పీసీఓడీ అనే అండాశయాల సమస్య. ఇంకొకటి, అమ్మలూ, మీతోనే చెబుతున్నాను: దసరాకి అమ్మవారి గుడికి వెళ్లాలనో, ఇంట్లో పెళ్లి ఉందనో డేట్ వాయిదా పడే మాత్రలు మీరే కొనిచ్చి వేయిస్తారు. మాత్ర ఆపాక వచ్చే రక్తస్రావాన్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టి లెక్కేస్తే ఆ లెక్క ఎక్కడికి తేలుతుంది? డాక్టర్ని అడక్కుండా ఆ మాత్రలు వేయించకండి.

క్యాలెండర్ పద్ధతిని ఒకసారి చేసి చూద్దాం. కనీసం ఆరు నెలసరి చక్రాలు ఎన్నేసి రోజులో రాసుకోవాలి. అన్నిటికన్నా చిన్నదాంట్లోంచి 18 తీసేస్తే గర్భం రాగల మొదటి రోజు, పెద్దదాంట్లోంచి 11 తీసేస్తే చివరి రోజు తెలుస్తాయి. ఒక అమ్మాయికి చిన్నది 24, పెద్దది 42 అనుకుందాం. 6వ రోజు నుంచి 31వ రోజు దాకా గర్భం రావచ్చని తేలుతుంది. ఇక మిగిలిందేమిటి? ఫోన్‌లో యాప్ కూడా మీరిచ్చిన తేదీలతో అంచనా కడుతుందే తప్ప అండాన్ని చూడదు.

ఈ రోజులు లెక్కపెట్టుకోవడానికి మాలా చక్ర అని 32 పూసల దండ ఉంది, రోజుకో పూస. 8వ రోజు నుంచి 19వ రోజు వరకు తెల్లపూసలు, అంటే గర్భం వచ్చే రోజులు. నెలసరి ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్య వచ్చేవాళ్లకే అది పనికొస్తుంది. వాళ్లలో కూడా తప్పు లేకుండా పాటిస్తే ఏడాదిలో నూటికి 5 మందికి, మామూలుగా పాటిస్తే 12 మందికి గర్భం వస్తుంది. చక్రం స్థిరపడి, భర్త సహకరించే పెద్ద వయసు స్త్రీలు నేర్చుకుని పాటిస్తే నేను కాదనను. మీకు మాత్రం వద్దంటాను.

అలాగని మీ ఒంటి సంగతి మీకు తెలియకూడదని కాదు. అది తప్పకుండా తెలియాలి. ఒక నోటుబుక్కులో నెలసరి మొదటి రోజు తేదీ రాయండి. ఎన్నాళ్లు అయింది, ఎన్ని ప్యాడ్లు మార్చారు, నొప్పి ఎలా ఉంది రాయండి. మధ్యలో ఒకట్రెండు రోజులు కోడిగుడ్డు తెల్లసొనలా పలుచగా, సాగే ద్రవం కనిపిస్తే భయపడకండి, అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడ్డాయని గుర్తు. దురద, వాసన ఉంటే మాత్రం చూపించుకోండి. పొద్దున్నే మంచం దిగకముందు చూసుకుంటే అండం విడుదలయ్యాక ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది, కానీ జ్వరమున్నా, రోహిణీ కార్తెలో కరెంటు పోయి నిద్ర పట్టకపోయినా ఆ లెక్క నమ్మలేం. మూడు నెలలు డేట్ రాకపోయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా ఆ పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అందులోని తేదీలు మాకు సగం పని చేసిపెడతాయి.

పెళ్లయి, పిల్లలు అప్పుడే వద్దనుకునేవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నిరోధ్ (కండోమ్), ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్ ఉచితం. ఏది సరిపడుతుందో అక్కడ చెబుతారు. సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడేది కండోమే. రోజులు లెక్కపెడితే ఆ రక్షణ ఏమాత్రం ఉండదు. 18 నిండని అమ్మాయి కలవడానికి ఒప్పుకున్నా చట్టం దాన్ని ఒప్పుకోలుగా చూడదు. ఎవరైనా బలవంతపెడుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అమ్మలూ, పిల్ల వచ్చి చెబితే ముందు కొట్టకండి, డాక్టర్ దగ్గరికి తీసుకురండి. మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రలు కొని ఇంట్లో వేసుకుని, రక్తం ఆగక చివరి నిమిషంలో వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇందాకే ఒక చీటీ పంపారు: డేట్‌లో ఉన్నప్పుడు కలిస్తే గర్భం రాదు కదా అని. రావచ్చు తల్లీ. 24 రోజులకే నెలసరి వచ్చే అమ్మాయికి పదో రోజు దగ్గర అండం విడుదలవుతుంది. ఆరో రోజున ఇంకా రక్తం కనిపిస్తూ ఉండొచ్చు, ఆ రోజు చేరిన వీర్యకణాలు పదో రోజు దాకా బతికి ఉండొచ్చు. డేట్ వారం దాటితే పొద్దుటి మూత్రంతో టెస్ట్ చేసుకోవాలి. మిగతా చీటీలు కూడా పంపండి, పేర్లు రాయనక్కర్లేదు.