విజిల్ మోగాక ఎంత గాలి మిగలాలి?

అగ్నిమాపక వారోత్సవాల్లో భాగంగా హనుమకొండలో ఫైర్ సిబ్బంది, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న ఫైర్ స్టేషన్ తమ్ముళ్లకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న మా ఇంజనీరింగ్ పిల్లలకు కూడా.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఈ వారోత్సవాలు వాళ్ల కోసమే. నేను మాత్రం ఫైర్ మనిషిని కాదు. బొగ్గుబాయి మనిషిని. సర్వీసులో ఎక్కువ భాగం రెస్క్యూ ట్రైనింగులో గడిచింది. అంటే మూతికి మాస్కు కట్టుకోవడం, పక్కవాడికి కట్టడం, సరిగ్గా కట్టుకోనివాణ్ని తిట్టడం.

మా ఊళ్లో ఎండాకాలం బావి పూడిక తీసేముందు లాంతరును తాడుకు కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరితే ఎవరూ దిగేవారు కాదు. అప్పుడు వేపకొమ్మను తాడుకు కట్టి పైకీ కిందికీ చాలాసేపు ఊపి, మళ్లీ లాంతరు దించేవాళ్లు. నేను చూసిన మొదటి ప్రమాణం అదే. ఎవరు దించినా పద్ధతి ఒకటే, ఆరితే తీర్పు ఒకటే. పెద్దమనిషైనా, జీతగాడైనా దిగడానికి లేదు. దానికో లోపం ఉంది. ఆక్సిజన్ తగ్గితే దీపం చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటే చెప్పదు, హాయిగా వెలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆ లాంతరూ పోయింది. మోటరు బాగుచేయడానికి ఒకడు దిగడం, వాడు పలకడం లేదని తమ్ముడు దిగడం, ఇద్దరి కోసం పక్క చేనువాడు దిగడం... ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

కరోనా పుణ్యమా అని ఎన్95 అనే మాట పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలిసింది. అది కంపెనీ పేరు కాదు, అమెరికాలో 1995లో వచ్చిన నిబంధనల్లోని ఒక తరగతి. 0.3 మైక్రాన్ల దగ్గర కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలి. కణాలను మాత్రమే, గుర్తుపెట్టుకోండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ వైపు పత్తి బేళ్లు అంటుకుంటే మంట పైకి కనిపించకుండా లోలోపల రోజుల తరబడి రగులుతుంది. అలా గాలి చాలక రగిలే చోటే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. దాని ముందు ఎన్95 కట్టుకోవడమూ, తువ్వాలు కట్టుకోవడమూ ఒకటే. కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైతే ఇంకో సంగతి. దానికి ఆకుపచ్చ రంగు గుర్తున్న ఫిల్టరు ఉంటుంది. కానీ లీకు గట్టిదైతే అదీ పనికిరాదు, సొంత గాలి వీపున మోసుకుపోవాల్సిందే.

ఆ వీపున మోసే సెట్టు దగ్గరికి వద్దాం. ఫైర్‌వాళ్లు బీఏ సెట్ అంటారు. అమెరికన్ సర్టిఫికెట్ ఉన్న సెట్టు దొరికితే దాని మీద అప్రూవల్ నంబరు చూడండి, 'టీసీ-13ఎఫ్' అని మొదలవుతుంది. ఈ 13 ఎక్కడిదో తెలిస్తే మా గోదావరిఖని వాళ్ల ఛాతీ కొంచెం ఉబ్బుతుంది. 1907లో అమెరికాలోని మొనంగా బొగ్గుగనిలో పేలుడు జరిగి 362 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాలు వరుసగా జరగడంతో 1910లో అక్కడ గనుల బ్యూరో పెట్టారు. శ్వాస పరికరాలను ఎలా పరీక్షించాలో ఆ బ్యూరో రాసిన పత్రం పేరు షెడ్యూల్ 13. దాని కింద 1920లో మొదటి పరికరానికి ఆమోదం ఇచ్చారు. నూరేళ్లు దాటింది. బ్యూరో పోయింది, పని నియోష్ అనే సంస్థ చేతికి వచ్చింది. ఆ 13 మాత్రం ఇవాళ్టికీ న్యూయార్క్ ఫైర్‌మన్ వీపు మీద ఉంది. గని కార్మికుడి చావులోంచి పుట్టిన అంకె అది.

ఇప్పుడు చిన్న లెక్క. పిల్లలూ, ఫోన్‌లోనే చేయండి. 6.8 లీటర్ల సిలిండర్, 300 బార్ ప్రెషర్. గుణిస్తే సుమారు 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 51 నిమిషాలు. సేల్స్‌మన్ చెప్పే లెక్క ఇదే. మరి మనిషిని భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు నిమిషానికి ఎంత పీలుస్తాడు? 100 లీటర్లు అనుకుందాం. 20 నిమిషాలు. సిలిండర్ అదే, కొనేటప్పుడు 51, పనిలో 20.

ఇంకా ముందుకెళ్దాం. గాలి అయిపోవస్తోందని విజిల్ మోగాలి కదా, ఎక్కడ మోగాలి? యూరప్ ప్రమాణంలో 55 బార్ దగ్గర, అయిదు అటూ ఇటూ. అంటే అప్పటికి మిగిలింది 374 లీటర్లు. అదే వేగంతో పీలిస్తే నాలుగు నిమిషాలు కూడా రాదు. అమెరికా ఫైర్ ప్రమాణం పేరు 'ఎన్‌ఎఫ్‌పీఏ 1981' (అది ఏడాది కాదు, ప్రమాణం నంబరు), అందులో పాతిక శాతం, అంటే 75 బార్ దగ్గర ఉండేది. 2013 కూర్పులో దాన్ని 33 శాతానికి పెంచారు. సుమారు 100 బార్. మిగిలేది 680 లీటర్లు, ఏడు నిమిషాలకు కాస్త తక్కువ. ఆ పెంపు ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. విజిల్ మోగాక బయటికి నడవడం మొదలుపెట్టి తలుపు దాకా రాలేకపోయినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక కమిటీ కూర్చుని ఆ అంకె మార్చింది. ఆ కమిటీలో కంపెనీవాళ్లు ఉంటారు, ఫైర్‌వాళ్లు ఉంటారు. విజిల్ ముందుగా మోగితే పని చేసే సమయం తగ్గుతుందని ఫైర్‌వాళ్లలోనే కొందరికి నచ్చదు. నిజమే, తగ్గుతుంది. అయినా నేను 33 పక్షమే.

మాస్కు అద్దం సంగతీ అంతే. అది పాలికార్బొనేట్. 150 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మంటల్లో అద్దం కరిగి, బుడగలు లేచి, రంధ్రం పడిన మాస్కులు చనిపోయిన ఫైర్‌మన్ల దగ్గర దొరికాయి. అమెరికాలో డ్యూటీలో ఫైర్‌మన్ చనిపోతే అతని సెట్టును నియోష్ తెప్పించుకుని పరీక్షిస్తూ వచ్చింది. ఈ అలవాటు మనకూ రావాలని నా ఆశ. ఆ పరీక్షల వల్లే కొత్త నియమం వచ్చింది. చదరపు మీటరుకు 15 కిలోవాట్ల వేడిని అద్దం అయిదు నిమిషాలు తట్టుకోవాలి. రామగుండంలో మే నెల మిట్టమధ్యాహ్నం మన నెత్తి మీద పడే ఎండ సుమారు 1 కిలోవాట్. దానికి పదిహేను రెట్లు మొహానికి ఆనించి పెట్టినట్టు.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాత రసాయన దాడి జరిగితే ఏంటన్న భయంతో నెలల్లోనే కొత్త ప్రమాణం రాశారు, 2002 మే నాటికి మొదటి సెట్టుకు సర్టిఫికెట్ ఇచ్చారు. మనిషి తల ఆకారంలో ఊపిరి పీల్చే బొమ్మ చేసి, దానికి మాస్కు తొడిగి, సారిన్, మస్టర్డ్ గ్యాస్‌లలో ఆరు గంటలు ఉంచుతారు. రబ్బరు గుండా చుక్క కూడా ఇంకి లోపలికి రాకూడదు. మామూలుగా ఏళ్లు పట్టే పని అంత త్వరగా ఎలా అయింది? డబ్బు, భయం రెండూ ఒకేసారి దొరికాయి కాబట్టి.

బొమ్మ తల అన్నాను కదా, అసలు నేను మాట్లాడదామని వచ్చింది దాని గురించే. ఆ తల ఎవరిది?

అమెరికాలో చాలాకాలం మాస్కు సైజులను పరీక్షించిన మనుషుల పట్టిక 1967, 68లలో వాయుసేనలో కొలిచిన ముఖాల ఆధారంగా చేసింది. అంటే కుర్ర సైనికులు. తర్వాత నియోష్ 2003లో మాస్కులు వాడే ఉద్యోగులు 3,997 మంది ముఖాలు కొలిచి చూస్తే, దాదాపు 15 శాతం ముఖాలు పాత పట్టిక బయటే ఉన్నాయి. వాళ్ల దేశంలో వాళ్ల ముఖాలే అన్నమాట! మరి భూపాలపల్లి కుర్రాడి ముఖం? ఇప్పుడిప్పుడే ఫైర్ సర్వీసులోకి వస్తున్న మన ఆడపిల్లల ముఖం? సన్నటి గడ్డం, వెడల్పు దవడ, ముక్కు దగ్గర ఎత్తు తక్కువ. నేను మాస్కులు తొడిగిన ముఖాల్లో మీడియం సైజు చాలా పెద్దదయిన ముఖాలు తక్కువేం కాదు. స్ట్రాపులు బిగించి బిగించి నుదుటి మీద గీతలు పడేవి, గాలి మాత్రం చెవి దగ్గర బుస్సుమనేది. లోపల పాజిటివ్ ప్రెషర్ ఉంటుంది, అంటే బయటికంటే లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువ, లీకైనా పొగ లోపలికి రాదులే అంటారు. చాలావరకు నిజమే. కానీ బయటికి పోయేది కూడా మన గాలే కదా. ఇందాకటి 20 నిమిషాల్లోంచే పోతుంది.

ఒకచోట మాస్కులన్నీ ఒకే సైజులో కొన్నారు. ఎందుకంటే టెండరులో సైజు అన్న కాలమే లేదు. ఇంకోచోట సిలిండర్ ఒక కంపెనీది, మాస్కు ఇంకో కంపెనీది, మధ్యలో ఎడాప్టరు. 'రెండూ సర్టిఫైడే సార్' అన్నాడు స్టోర్ కీపరు. అదే తప్పు. సర్టిఫికెట్ మొత్తం సెట్టుకు, విడిభాగాలకు కాదు. పప్పు బాగుంది, చింతపండు బాగుంది కాబట్టి పప్పుచారు బాగుంటుందని గ్యారంటీ ఏముంది?

గడ్డం గురించి కూడా చెప్పాలి, కొంచెం సున్నితమైన విషయం. మాస్కు అంచు చర్మానికి తాకే చోట వెంట్రుక ఉండకూడదు. మీసం ఉండొచ్చు, అంచు కిందికి రానంతవరకు. మా దగ్గర కార్తీకం వస్తే అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు ఉండేవారు. నలభై ఒక్క రోజులు గడ్డం తీయరు. నమాజు చేసే తమ్ముళ్లకు ఏడాది పొడవునా అదే ఇబ్బంది. తీసేయమని ఎవరం చెబుతాం? ఆ రోజులకు వాళ్లను టీం నుంచి తప్పించి, పైన స్టాండ్‌బైలోనో, గాలి లెక్క రాసే పనిలోనో పెట్టేవాణ్ని. ఎవరూ నొచ్చుకోలేదు. మాలలో ఉన్న ఒక కుర్రాడు 'స్వామీ, నేను దిగితే ఏమవుతుంది' అని అడిగితే, మాస్కు తొడిగించి శిక్షణ గదిలోని పొగలోకి పంపాను. దగ్గుకుంటూ బయటికొచ్చి తనే పేరు కొట్టేయించుకున్నాడు.

మన దేశం సంగతి. గాలి సెట్లకు ఐఎస్ 10245 అనే ప్రమాణం ఉంది, భాగాలుగా. మొదటి భాగం మేం గనుల్లో వాడే క్లోజ్డ్ సర్క్యూట్‌కు, అంటే వదిలిన ఊపిరినే శుద్ధిచేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ ఇచ్చేది, నాలుగు గంటలు వస్తుంది. రెండో భాగం ఫైర్‌వాళ్ల ఓపెన్ సర్క్యూట్‌కు. గనుల్లో అయితే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఆమోదం లేనిది వాడనివ్వరు. 1985 నాటి మైన్స్ రెస్క్యూ రూల్స్ శిక్షణ దగ్గర్నుంచి అన్నీ గట్టిగా చెబుతాయి. గని బయట అంత గట్టి కాపలా నాకు కనిపించదు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు మా సింగరేణి రెస్క్యూ వాళ్లు కూడా వెళ్లారు. దాదాపు 14 కిలోమీటర్ల లోపల. అలాంటి చోట పొగ కూడా ఉంటే 20 నిమిషాల సిలిండర్ ఎంత దూరం తీసుకెళ్తుంది? ఏ సెట్టు ఎక్కడికి అన్నది ముందే రాసి ఉండాలి, అక్కడికి వెళ్లాక ఆలోచించేది కాదు.

మన ప్రమాణాలు రాసే సంస్థ బీఐఎస్ తన ముసాయిదాలను జనం అభిప్రాయాలకు పెడుతుంది. వాటిని చదివేది ఎక్కువగా కంపెనీలే. పిల్లలూ, మీకు త్రీడీ స్కానర్లు ఉన్నాయి, ప్రాజెక్టు రిపోర్టు అవసరమూ ఉంది. పక్కనే ఫైర్ స్టేషన్ ఉంది. వంద ముఖాలు కొలవండి. గడ్డం కొస నుంచి ముక్కు మొదలు దాకా, చెంపకూ చెంపకూ మధ్య వెడల్పు, అంతే. ఆ కాగితం పట్టుకుని ముసాయిదా మీద అభ్యంతరం రాస్తే, దానికి జవాబు చెప్పక తప్పదు.

సరే, మైకు కట్టేస్తాను. ఆ బల్ల మీద మూడు సైజుల మాస్కులు, హుడ్, చేదు స్ప్రే సీసా ఉన్నాయి. మాస్కుకు ఫిల్టరు బిగించి తల మీద హుడ్ వేస్తాం, స్ప్రే కొడతాం. నోట్లో చేదు తగిలిందంటే మాస్కు అతకనట్టే. పొద్దున గడ్డం గీసుకున్నవాళ్లు ముందు రండి. ప్రిన్సిపాల్ గారూ, మీరు కూడా.