బొమ్మల పేజీలోంచి టీవీలోకి వచ్చిన మీప్

శ్రోతలకు నమస్కారం.

ముందు మీకో బొమ్మ చూపిస్తాను. రేడియోలో బొమ్మేమిటి అనుకోకండి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వినండి. ఒళ్ళంతా మెత్తటి బొచ్చు, పొట్టి కాళ్ళు, పొడవాటి చెవులు, ముఖంలో సగం ఆక్రమించిన గుండ్రటి కళ్ళు. చూస్తే ఎత్తుకుని ముద్దు చేయాలనిపించే జీవి. వేరే లోకం నుంచి వచ్చి, ఇంగ్లండులో ఉక్కు కర్మాగారాలున్న ఒక ఊళ్ళో పడింది. షారన్, ఫడ్జ్ అని బడికెళ్ళే పిల్లలిద్దరికి అది దొరికింది. పాపం, దీన్ని ఎవరో తరుముతున్నారు. వాళ్ళు చూడబోతే పురుగుల్లాంటి ముఖాలతో, భయంకరమైన ఆయుధాలతో ఉన్నారు. పిల్లలు ఏం చేస్తారు? దాన్ని దాచిపెట్టారు. మీరైనా, నేనైనా అదే చేసేవాళ్ళం.

తీరా చూస్తే ఆ తరిమేవాళ్ళు పోలీసులు. ఈ ముద్దొచ్చే జీవి లోకాలకు లోకాలనే నాశనం చేసి పారిపోయి వచ్చిన నియంత. పేరు బీప్ ద మీప్.

1980లో ‘డాక్టర్ హూ వీక్లీ’ అనే బ్రిటిష్ పత్రికలో వారం వారం కొన్ని పేజీలుగా వచ్చిన బొమ్మల కథ ఇది. నలుపు తెలుపుల్లోనే అచ్చయింది. పాట్ మిల్స్, జాన్ వాగ్నర్ పేర్లతో వచ్చిన ఈ కథకు డేవ్ గిబ్బన్స్ బొమ్మలు గీశారు. రూపం చూసి మంచీ చెడూ తేల్చుకోవద్దని పిల్లలకు చెప్పడానికి పెద్దలు ఎన్నిసార్లు గొంతు చించుకుంటారో! ఈ కథ ఆ మాట ఎక్కడా పైకి అనదు. పిల్లల్ని ముందు ఆ జీవి మీద జాలిపడనిచ్చి, తర్వాత నిజం చూపిస్తుంది.

డాక్టర్ హూ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్. ఇందులో డాక్టర్ అంటే సూదులేసే డాక్టరు కాదు, వేరే గ్రహం మనిషి. గతంలోకీ భవిష్యత్తులోకీ తిరిగే వాహనం ఒకటి ఆయన దగ్గరుంది. బయటికి నీలం రంగు పోలీసు టెలిఫోన్ పెట్టె, లోపల మాత్రం పెద్ద హాలు. సీరియల్‌కి ఏడాది నిండేసరికే, 1964 నవంబరులో, ‘టీవీ కామిక్’ అనే పిల్లల వారపత్రిక ఆయన్ను తన పేజీల్లోకి తెచ్చుకుంది. టీవీలో సూసన్ అనే మనవరాలుంటే, పత్రికవాళ్ళు జాన్, గిలియన్ అని కొత్తగా ఇద్దరు మనవల్ని పుట్టించారు. చదివే పిల్లలకు కథలో తమ ఈడువాళ్ళు కనపడాలి కదా! 1965 క్రిస్మస్ కథలోనైతే డాక్టర్ శాంతాక్లాజ్ దగ్గరికే వెళ్ళాడు. టీవీలో వాళ్ళిద్దరి కలయిక చూడ్డానికి 2014 క్రిస్మస్ దాకా ఆగాల్సి వచ్చింది.

నాకు ఇక్కడే ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో టీవీవాళ్ళకు డబ్బు తక్కువ. ఇరుకు స్టూడియోలో చెక్కతో, అట్టతో గ్రహాలు కట్టుకోవాలి. చిత్రకారుడికి ఆ బెంగ లేదు. వెయ్యి అంతరిక్ష నౌకలు కావాలంటే వెయ్యి గీస్తాడు, ఖర్చు సిరా ఒక్కటే. సీరియల్‌లో పేరుమోసిన విలన్లు డాలెక్‌లు, యంత్రాల్లాంటి కవచాల్లో ఉండే దుష్ట జీవులు. టీవీ కామిక్‌కి మొదట్లో వాటి హక్కులు దొరకలేదు. ‘టీవీ సెంచురీ 21’ అనే మరో పిల్లల పత్రికకు దొరికాయి. 1965 జనవరి నుంచి రెండేళ్ళపాటు డాలెక్‌ల సొంత కథ అందులో రంగుల్లో వచ్చింది, అసలు డాక్టరే లేకుండా. అప్పటికి టీవీలో సీరియల్ ఇంకా నలుపు తెలుపే! ఆ బొమ్మల్లో డాలెక్ చక్రవర్తికి బంతిలాంటి పెద్ద తలకాయ ఉండేది. 1988లో టీవీలో కనిపించిన చక్రవర్తికీ అలాంటి గుండ్రటి తలే పెట్టారు.

మళ్ళీ షారన్ దగ్గరికి వద్దాం. షారన్ నల్లజాతి అమ్మాయి. కథ అయ్యాక డాక్టర్‌తో పాటు ప్రయాణం కడుతుంది. టీవీలో ఒక నల్లజాతి అమ్మాయి డాక్టర్‌కి ప్రధాన సహచరి కావడం 2007లో, మార్తా జోన్స్‌తో. అంటే 27 ఏళ్ళ ముందే పిల్లల బొమ్మల పేజీ ఆ పని చేసింది. ఈ మాట నేను గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే బొమ్మల కథలంటే టైమ్‌పాస్ అని తీసిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే.

1989లో సీరియల్ ఆగిపోయింది. మధ్యలో 1996లో ఒక్క టీవీ సినిమా వచ్చింది, అంతే. తిరిగి మొదలైంది 2005లో. ఆ పదహారేళ్ళూ మీప్ కథ వేసిన ‘డాక్టర్ హూ’ పత్రిక మాత్రం ఆగలేదు. అప్పటికి అది మాసపత్రికైంది. నెల తిరిగేసరికి డాక్టర్ కొత్త బొమ్మల కథ పాఠకుల చేతికి వచ్చేది. టీవీలో దీపం ఆరిపోయినా ఆ కొద్ది పేజీల్లో వెలుగుతూనే ఉంది.

ఇక 2023 నవంబరు 25. సీరియల్ అరవయ్యేళ్ళ పండగకి మూడు ప్రత్యేక ఎపిసోడ్లు అనుకున్నారు. మొదటిదానికి రచయిత రసెల్ టి. డేవిస్ ఏ కథ తీసుకున్నారో తెలుసా? మన మీప్ కథే. పేరు కూడా మార్చలేదు, ‘ద స్టార్ బీస్ట్’. గొంతు మిరియమ్ మార్గోలీస్‌ది, పెద్ద నటి. ఫడ్జ్ అనే పిల్లాడు ఇందులోనూ ఉన్నాడు. షారన్ స్థానంలో రోజ్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె ఇంటి వెనక షెడ్డులో బొచ్చు బొమ్మలు కుట్టి అమ్ముతుంటుంది. మీప్‌ని తీసుకెళ్ళి ఆ బొమ్మల మధ్యే దాస్తుంది. రోజ్ తల్లి షెడ్డులోకి వస్తుంది. చుట్టూ వరసగా బొమ్మలు, వాటి మధ్యలో కదలకుండా మీప్.

ఎపిసోడ్ పేర్లు పడేటప్పుడు పాట్ మిల్స్, డేవ్ గిబ్బన్స్ పేర్లు కూడా తెర మీదికి వచ్చాయి. నలభై మూడేళ్ళ కిందట పిల్లల కోసం ఆ కథ చెప్పినవాళ్ళ పేర్లు.

సెలవు.