కొత్త కంప్యూటర్‌లో ఏ వర్డ్ ఎక్కించుకోవాలి? తెలుగు టైపు చేసే ఇళ్ల కోసం

నమస్కారమండి. బెజవాడ గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా కొత్త కంప్యూటర్ కొంటున్నప్పుడు "ఎంఎస్ ఆఫీస్ కూడా ఎక్కించి ఇస్తాం, దానికి డబ్బులేం వద్దు" అని ఎవరన్నా అంటే, అక్కడే ఒక్క నిమిషం ఆగండి.

కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆఫీస్ ధరలోనే కలిసి వస్తుంది. అలా వస్తే పెట్టె మీదో బిల్లులోనో రాసి ఉంటుంది. దాన్ని మీ సొంత ఈమెయిల్‌తోనే యాక్టివేట్ చేసుకోండి. షాపు కుర్రాడి ఈమెయిల్‌తో చేయిస్తే, రేపు విండోస్ మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు మీరు కొన్న ఆఫీస్ మీ చేతిలో ఉండదు. షాపువాళ్లు విడిభాగాలు కలిపి తయారుచేసిన అసెంబుల్డ్ సిస్టమ్‌లో ఊరికే ఎక్కించారంటే మాత్రం వర్డ్ తెరిచి, ఫైల్‌లోకి వెళ్లి, అకౌంట్ నొక్కండి. "ప్రొఫెషనల్ ప్లస్" అని కనిపిస్తే అది సంస్థలకు మొత్తంగా అమ్మే రకం. మీ బిల్లులో దాని ఊసే లేకపోతే క్రాక్, అంటే తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ అనే అనుకోవాలి. ఇలాంటి క్రాక్‌లు ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమంటాయి. అదే మెషీన్‌లో రేపు మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు.

మరేం వేసుకోవాలి? అర్జీలు, ఉత్తరాలు, పిల్లల ప్రాజెక్టులు, బయోడేటాలు, ఇంతవరకే అయితే వర్డ్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ రైటర్ చాలండి. లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది. పూర్తిగా ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది. లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి, సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనల జోలికి పోవద్దు. ఉద్యోగంలో మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా ఫైల్లో పెట్టే ఆదేశాలు) ఉన్న ఫైళ్లు, పదిమంది మార్పులు గుర్తుపెట్టి తిప్పే ఫైళ్లు రోజూ వచ్చేవాళ్లు మాత్రం డబ్బు పెట్టి వర్డ్ కొనుక్కోవడమే మేలు. చవగ్గా దొరికాయని 2016, 2019 ఆఫీస్ కీలు, అంటే యాక్టివేట్ చేసే కోడ్‌లు, కొనకండి. 2025 అక్టోబరు 14తో వాటికి సపోర్టు ముగిసింది. గూగుల్ డాక్స్‌లో తెలుగు మాట్లాడితే టైపు అవుతుంది, అది నిజంగా మంచి సదుపాయం. కాకపోతే నెట్ పోయినా ఫైలు తెరిచి రాసుకోవాలంటే ఆఫ్‌లైన్ సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉంచాలి.

ఇక అసలు సంగతి తెలుగు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఈ పని తప్పదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్లి తెలుగు కలపండి. ఆ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చేర్చండి. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లకి ఇదే సుఖం. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, "సాఫ్ట్‌వేర్" అని కొడుతున్నాం. ఏమైంది? "సాఫ్ట్వేర్" అని పడింది. ఫ కింద ట వత్తు, వ వత్తు రెండూ గుట్టగా చేరాయి. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మారడం యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా వాడే అక్షరాల కోడ్‌లో నియమం, ఫాంటు పాడవలేదు. సరిచేయాలంటే "సాఫ్ట్" దగ్గర ఆగి, ఇంగ్లీషుకి మారి, ఖాళీ వదలకుండా 200సి అని కొట్టండి, ఆ సి ఇంగ్లీషు అక్షరమే. వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ నాలుగూ మాయమై కంటికి కనపడని గుర్తు ఒకటి పడుతుంది. మళ్లీ తెలుగుకి మారి "వేర్" కొట్టండి. వర్డ్‌లోనూ రైటర్‌లోనూ ఇది పనిచేస్తుంది.

రైటర్‌లో చాలామంది తికమకపడే చోటు ఇంకొకటి ఉంది. స్టైల్‌లో ఫాంటు సైజు 14 చేస్తారు, ఇంగ్లీషు పెరుగుతుంది, తెలుగు ఉన్నచోటే ఉంటుంది. రెండు లిపులకూ ఫాంటు, సైజు రైటర్ విడివిడిగా దాచుకుంటుంది మరి. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి (పొట్టిగా సీటీఎల్, తెలుగు లాంటి లిపుల కోసం) తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత రైటర్ విభాగంలో బేసిక్ ఫాంట్స్, సీటీఎల్ అన్నచోట ఫాంటు పెట్టండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ సరిపోతుంది. మాకు మాత్రం చదవడానికి హాయిగా ఉండేది మండలి. మన కృష్ణా జిల్లా నాయకుడు మండలి వెంకటకృష్ణారావు గారి పేరు పెట్టిన ఫాంటు అది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన ఫైలు తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయా? అది అను ఫాంట్లలో కొట్టి ఉండొచ్చు. అందులో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి, ఆ ఫాంటు లేని చోట చదవలేం. యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమని అడగండి.

చివరగా ప్రింటు. విండోస్ రీజియన్ అమెరికాగా ఉండిపోతే పేజీ లెటర్ సైజులో తెరుచుకోవచ్చు. మన ప్రింటర్లలో ఉండేది ఏ4, అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. అందుకే పేజీ సైజు మొదటే మార్చుకోండి, చివర్లో మారిస్తే పేజీలన్నీ జరుగుతాయి. జిరాక్స్ షాపుకి మాత్రం వర్డ్ ఫైలు పట్టుకెళ్లకండి. అక్కడ మీ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, ఒక పేజీ బయోడేటా రెండో పేజీలోకి జారుతుంది. రైటర్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్ యాజ్, పీడీఎఫ్ నొక్కితే ఫాంటు కూడా ఫైల్లోనే వెళ్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకునే ముందు ఆ పీడీఎఫ్‌ని మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి, వత్తులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.