క్యాపిటల్‌లో ఉలి దెబ్బలు కనిపించే రాయి

అందరికీ నమస్కారం.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం వాషింగ్టన్‌లో తప్పకుండా చూపించేవాటిలో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కొలువుండే క్యాపిటల్ భవనం ఒకటి. గుమ్మటం కనిపించేలా ఫొటో దిగి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం. ఈరోజు నేను గుమ్మటం జోలికి పోను. ఆ భవనానికి నూరేళ్లు నిండాయని పెట్టిన ఒక ఫలకం గురించి, రెండు వందల ఏళ్ల వేడుక పుణ్యమా అని వచ్చిన ఒక రాయి గురించి చెప్తాను.

1793 సెప్టెంబర్ 18న శంకుస్థాపన జరిగింది. జార్జ్ వాషింగ్టన్ ఫ్రీమేసన్లనే సోదర సంఘంవాళ్లు కట్టుకునే ఆప్రాన్ కట్టుకుని, ఊరేగింపుగా వచ్చి, పునాది గోతిలోకి దిగాడు. కేలెబ్ బెంట్లీ అనే వెండిపనివాడు చేసిన ఫలకాన్ని అక్కడ పెట్టి, దాని మీద మూలరాయి నిలిపారు. ధాన్యం, ద్రాక్షసారా, నూనె సమర్పించారు. తర్వాత 500 పౌండ్ల ఎద్దును కాల్చి అందరికీ విందు. ఆనాటి పత్రిక ఎద్దు బరువుతో సహా రాసింది.

సరిగ్గా నూరేళ్లకు, 1893లో, మళ్లీ జనం పోగయ్యారు. గోడకు కంచు ఫలకం బిగించారు. ఈ ఫలకం కిందే వాషింగ్టన్ మూలరాయి వేశాడని దాని మీద ఉంది. ఎంత ధీమాగా రాశారో చూడండి, ఎందుకంటే ఆ మూలరాయి ఇంతవరకూ దొరకలేదు! ‘ఆగ్నేయ మూల’ అని పత్రిక రాసింది కానీ, అది మొదట కట్టిన ఉత్తర భాగానికి ఆగ్నేయమా, మొత్తం భవనానికా అన్నది తేలలేదు. వెండి ఫలకం కదా అని మెటల్ డిటెక్టర్లతో కూడా వెతికారు. లాభం లేకపోయింది.

మనకిది వింతేమీ కాదు. మన ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు శిలాఫలకం మీద మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, కలెక్టరుగారు వరసగా ఉంటారు. రాయి కొట్టినాయన ఉండడు. 1893 ఫలకం కూడా ఆ తరహాదే. వాషింగ్టన్ ఉన్నాడు, కాంగ్రెస్ ఉంది, న్యాయస్థానం ఉంది, చివరికి వేడుక చూడటానికి వచ్చిన జనం కూడా ఉన్నారు.

మరి రాయి ఎవరు కొట్టారు? పాత క్యాపిటల్‌కి వాడిన ఇసుకరాయి వర్జీనియాలోని అక్వాయా క్రీక్ నుంచి వచ్చింది. క్వారీ కోసమే ప్రభుత్వం 1791లో అక్కడ ఒక దీవి కొన్నది. మెత్తని రాయి, చెక్కడం తేలిక, పడవలో పోటోమాక్ నది మీదుగా తేవచ్చు. కానీ వానకీ మంచుకీ తట్టుకోదు, పెచ్చులూడుతుంది. అసలు ఇబ్బంది మనుషుల దగ్గర వచ్చింది. కూలీలు చాలక, 1792లో రాజధాని కట్టించే నగర కమిషనర్లు బానిసలను సంవత్సరానికి 21 పౌండ్ల లెక్కన అద్దెకు తీసుకోవాలని తీర్మానించారు. బట్టలూ, మనిషికొక దుప్పటీ యజమాని ఇవ్వాలి. తిండి కమిషనర్లు పెడతారు. డబ్బు మాత్రం యజమానికే. రాయి కొట్టినవాడికి దక్కింది దుప్పటి.

కాంగ్రెస్ ఈ భవనంలోకి వచ్చి 2000 నవంబర్‌కి రెండు వందల ఏళ్లు. ఆ వేడుక దగ్గరపడుతుండగా బానిసల పనికి యజమానులకు డబ్బిచ్చిన ఆ పాత చెల్లింపు కాగితాలు ఒక టీవీ విలేకరి బయటపెట్టాడు. దాంతో ఆ బానిసల శ్రమ సంగతి చూడమని కాంగ్రెస్ ఒక బృందాన్ని వేసింది, 2005లో నివేదిక వచ్చింది, 2012 ఫిబ్రవరి 28న వాళ్ల గుర్తుగా క్యాపిటల్ సందర్శకుల కేంద్రంలోని ఎమాన్సిపేషన్ హాల్‌లో రాయి వెలిసింది. కొత్తగా చెక్కించిన శిల కాదది. 1824-26 మధ్య కట్టిన తూర్పు ముఖభాగంలోనిదే. 1958లో ఆ వైపు విస్తరణ మొదలైనప్పుడు ఊడదీసిన రాళ్లలో ఒకటి. ఆనాటి ఉలి దెబ్బలు దాని మీద అలాగే ఉన్నాయి. నునుపు చేయకుండా వదిలేయడం నాకు బాగా నచ్చింది.

నచ్చనిది కూడా చెప్తాను. ఈ రాయిని తవ్వినవాళ్లలో బానిసలైన ఆఫ్రికన్ అమెరికన్లు కూడా ఉన్నారని అక్కడి రాత చెబుతుంది. పేరు ఒక్కటీ లేదు. పేర్లు దొరకవా అంటే, కొన్ని దొరుకుతాయి. అదే కాలంలో, అదే కమిషనర్లు కట్టించిన వైట్‌హౌస్ వడ్రంగుల జీతాల పట్టీలో టామ్, పీటర్, బెన్, హ్యారీ అని రాసి ఉంది. ఆ నలుగురూ ఆర్కిటెక్ట్ జేమ్స్ హోబన్ సొంత బానిసలు.

గుమ్మటం మీది ఫ్రీడమ్ విగ్రహాన్ని పోతపోయడంలో పనిచేసిన ఫిలిప్ రీడ్ కూడా బానిసే. ఆదివారాలు చేసిన పనికి మాత్రం రోజుకు డాలర్ పావలా అతని చేతికిచ్చారు. మిగతా ఆరు రోజుల కూలి యజమానికి. 1862 ఏప్రిల్‌లో అతను స్వేచ్ఛ పొందాడు, 1863 డిసెంబర్‌లో విగ్రహం పైకెక్కింది. దాని ప్లాస్టర్ నమూనా ఈ రాయి ఉన్న ఎమాన్సిపేషన్ హాల్‌లోనే ఉంది.

ఈసారి చుట్టాలొస్తే క్యాపిటల్ ఒక్కటే చూపించి వదిలేయకండి. అక్వాయా దీవి ఇప్పుడు స్టాఫర్డ్ కౌంటీ పార్కు, క్వారీ గుర్తులు చూస్తూ నడవచ్చు. తూర్పు ముఖభాగం నుంచి తీసిన స్తంభాల్లో 22 వాషింగ్టన్‌లోనే నేషనల్ అర్బోరేటమ్ అనే వృక్షోద్యానం పచ్చికలో నిలబెట్టారు. వాటిని చూసి హాల్‌కి వెళ్లండి. టూర్ ఉచితమే, ముందుగా బుక్ చేసుకుంటే మంచిది. గైడ్ హడావిడిలో ఆ రాయి దగ్గర ఆగకపోతే, ఎక్కడుందో మీరే అడగండి.